చేపకు జబ్బు చేసినప్పుడు ముందు నీటిని పరీక్షింపుడు

గత మార్గశిర మాసమున ఒకే దినమున మన సంఘ కార్యాలయమునకు రెండు పాత్రలు వచ్చినవి. మొదటిది గాజు సీసా. అందు నీలివన్నె ఫైటర్ చేప యొకటి రెక్కలు ముడుచుకొని అడుగున పడియుండెను. దానిని తెచ్చినది నంద్యాలలో చదువుకొనుచున్న బాలిక, మన సభ్యులలో నొకరి మనుమరాలు. రెండవది ఇత్తడి బిందె. అందు జానెడు కొర్రమీను. దాని ప్రక్కను రూపాయి బిళ్లంత యెఱ్ఱని పుండు. దానిని తెచ్చిన రైతు సంఘమున అప్పు దీసికొని, బోరు ప్రక్కనున్న సిమెంటు తొట్టిలో కొర్రమీనులను పెంచుచున్నవాడు. ఇరువురు నడిగిన ప్రశ్న యొక్కటియే: "ఏ మందు వేయవలయును?"

మే మా ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేదు. "నీరు ఎట్లున్నది?" అని తిరిగి ప్రశ్నించితిమి. మందు నడిగిన నీటిని గూర్చి యడుగుచున్నా రేమని రైతు కొంచెము చిన్నబుచ్చుకొనెను. ఆ ప్రశ్న మేము అనుభవముచేత, అదియు నష్టపడి, నేర్చుకొన్నదే. ఆ నష్టమును ముందుగా చెప్పుకొని పిదప ఈ రెండు చేపల సంగతికి వత్తుము.

మేము చేసిన పొరపాటు

కొన్నియేండ్ల క్రిందట మన సభ్యు లుమ్మడిగా పెంచుచున్న యొక కుంటలో చేపలకు పుండ్లు కనబడినవి. కోస్తా జిల్లాలలో ఇట్టి తెగులునకు సున్నము చల్లుదురని వినియుంటిమి. వెంటనే సున్నపు బస్తాలు దెప్పించి, నీటిని పరీక్షింపకయే, మిట్టమధ్యాహ్నము చల్లించితిమి. కుంట నీరు పాచిచే పచ్చగా నుండెను. మరునాటి ఉదయమునకు తేలిన చేపలలో పుండ్లున్నవి కొన్నియే. పుండు లేనివే యెక్కువ. తెగులు చంపిన వానికన్న మా వైద్యము చంపినవే యెక్కువయని తరువాత తెలిసికొంటిమి.

కారణ మిది. చేప విసర్జించు మలినము నుండియు, తినక మిగిలిన మేత కుళ్లుట నుండియు నీటిలో అమ్మోనియా పుట్టును. ఈ అమ్మోనియాలో విషరూపమున నుండు భాగము నీటి క్షారగుణముతో పెరుగును. క్షారమును కొలుచు అంకెను పీహెచ్ అందురు. 25 డిగ్రీల వేడిమి గల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు అమ్మోనియాలో సుమారు రెండువందలవ వంతు మాత్రమే విషము. పీహెచ్ 8 అయినచో ఇరువదవ వంతు. 9 అయినచో మూడవ వంతును మించును. పచ్చని పాచి యెండలో పెరుగునప్పుడు నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనును. అందువలన పీహెచ్ తెల్లవారుజామున తక్కువగాను, మూడవ జామున మిక్కిలి హెచ్చుగాను ఉండును. అట్టి వేళ సున్నమును గూడ చేర్చితిమి. మందే విషమాయెను.

కర్నూలు, కడప ప్రాంతములలో ఈ జాగ్రత్త మఱింత యవసరము. మనది సున్నపురాతి సీమ. కడప బండలు పుట్టిన నేల నుండి ఊరిన బోరు నీరు స్వభావముచేతనే కఠినముగాను, క్షారముగాను ఉండును. వాన నీటితో నిండిన కుంట అట్లుండకపోవచ్చును. పుల్లని నేలలు గల కేరళమునకు తగిన వైద్యము మన బోరు తొట్టికి తగదు. ఒక నీటిలో మందైనది వేఱొక నీటిలో విషమగును.

గాజు సీసాలోని చేప

ఇక బాలిక తెచ్చిన చేప సంగతి. ఫైటర్ చేపను బెట్టా అనియు నందురు. ఇది సయాము దేశపు, అనగా నేటి థాయిలాండు దేశపు, వెచ్చని పల్లపు నీళ్లలో పుట్టినది. మొప్పలకు పైని దీనికి వేఱొక శ్వాసావయవము గలదు. దానితో పైకి వచ్చి గాలిని మ్రింగును. మన కొర్రమీనునకును ఇట్టి యేర్పాటే కలదు. కావున ఈ రెండు చేపలును అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి నోరు తెఱచుట జబ్బు గుఱుతు కాదు. బొచ్చె, శీలావతి వంటి చేపలు తెల్లవారుజామున గుంపుగా పైకివచ్చి నోళ్లు తెఱచిన మాత్రము నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గ్రహింపవలయును.

గాలిని మ్రింగు చేప యగుటచే బెట్టా చిన్న సీసాలో గూడ బ్రతుకునని అంగడివారు చెప్పుదురు. బ్రతుకునది నిజమే గాని చిన్న సీసాలోని నీరు త్వరగా మలినమగును, త్వరగా చల్లబడును. ఆ చేపకు 24 మొదలు 28 డిగ్రీల వరకు వెచ్చదనము కావలయును. మన సీమలో వేసవి యెంత మండినను శీతకాలపు రాత్రులు చల్లనివే.

ఆ బాలిక తనతో ఒక చిన్న నోటుపుస్తకము తెచ్చినది. అందు చేపకు మేత వేసిన వేళ, నీరు మార్చిన దినము, చేప తిన్నదా లేదా యన్న సంగతి దినదినము వ్రాసికొన్నది. మేము దానిని చదివితిమి. పదునొకండు దినముల క్రిందట సీసాలోని నీరంతయు ఒకేసారి పారబోసి, అప్పుడే తోడిన బోరు నీటితో నింపినదట. మూడవ దినమున "తినలేదు" అని యున్నది. ఆఱవ దినమున "తోక చివర చిరిగినది" అని యున్నది. సీసా కిటికీ గట్టుమీద నుంచబడినది. మిగిలిన మేత అడుగున బూజుపట్టియున్నది.

వింత జబ్బన్నది అక్కడనే సగము విడిపోయెను. తక్కిన సగమును కంటితో చూచి తేల్చితిమి. చీకటి గదిలో టార్చిదీపము ప్రక్కనుండి వేసి చూచితిమి; బంగారు పొడి చల్లినట్లు మెఱయలేదు గనుక చర్మమును పట్టు వెల్వెటు తెగులు కాదు. ఉప్పురవ్వల వంటి తెల్లచుక్కలు లేవు గనుక తెల్లచుక్క తెగులు కాదు. దూదిపింజ వంటి బూజు లేదు. పొలుసులు నిక్కబొడుచుకొనలేదు గనుక ఉదరమున నీరుపట్టిన జబ్బును కాదు. రెక్కల యంచులు మాత్రము చిరిగి నల్లబడి యున్నవి. చలిచేతను మలినముచేతను చేప బలము తగ్గగా సూక్ష్మజీవులు రెక్కలను తినుచున్నవని నిశ్చయించితిమి.

చేసిన వైద్యమిది. రెండు దినములు మేత మాన్పితిమి. సీసాను కిటికీ నుండి తీసి లోపలి గదిలో నుంచితిమి. ఒకదినమంతయు తెఱచియుంచిన నీటిని, సీసాలోని నీటితో సమానమైన వెచ్చదనము వచ్చిన పిదప, దినమున కొక నాలుగవ వంతు చొప్పున మార్చవలెనని చెప్పితిమి. పురపాలక సంఘపు కుళాయి నీరైనను అట్లే నిలువయుంచవలయును. అందలి క్లోరిను చేప మొప్పలను కాల్చును. లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కల్లుప్పును వేఱుగా కరగించి కొంచెము కొంచెముగా చేర్చితిమి. మూడు లీటర్ల సీసాకు అర చెంచా చాలును. వారము దినముల పిదప నీరు మార్చుచు ఉప్పును తగ్గించివేసితిమి. ఇంటనున్న మనుష్యుల మాత్రలను పొడిచేసి నీటిలో వేయవలదని గట్టిగా చెప్పితిమి. ఐదవ దినమున చేప మేతకు వచ్చెను. మూడు వారములకు చిరిగిన తోక యంచున అద్దము వంటి క్రొత్త పొర పెరుగుచున్నదని బాలిక తన పుస్తకములో వ్రాసినది. దానినిపుడు పెద్ద గాజు తొట్టిలో పెంచుచున్నది.

బిందెలోని చేప

కొర్రమీను సంగతి ఇంత తేలికగా తేలలేదు. రైతు చెప్పిన దానిలో తేదీలు లేవు. "మొన్నమొన్ననే" అనెను, ఎప్పుడని గ్రుచ్చి యడుగగా దీపావళి తరువాత ననెను. మఱికొంత యడుగగా అసలు సంగతి బయటపడినది. తొట్టిలోని చేపలు కొన్ని చచ్చి ఖాళీ కనబడగా, కర్నూలు-కడప కాలువలో వలవేసి పట్టిన కొర్రమీనులను కొన్నింటిని తెచ్చి వానితో కలిపెనట. వలలో ఒరసికొన్న ఆ చేపల యొంటిమీద గీరుడుగాయము లున్నవి. వానిని వేఱుగా నుంచి చూడలేదు.

ఆ పుండు రూపము చూడగా, చేపల పుండ్ల తెగులని మా కనుమానము కలిగెను. దీని చరిత్ర తెలిసికొనదగినది. ఈ తెగులు 1971లో జపాను దేశమున చేపల పెంపకపు తొట్లలో మొదట గుర్తింపబడెను. 1972లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు నదులలో కనబడెను. పిదప ఇండోనేషియా, మలయా, థాయిలాండు దేశములను దాటి 1988లో వంగదేశమును, మన దేశమున త్రిపుర, అస్సాము, మేఘాలయములను చేరెను. 1991లో కేరళమున కుట్టనాడు నీళ్లను పట్టెను. ఆంధ్రదేశపు చెరువులను గూడ విడువలేదు. కొర్రమీను, పరిగె, బొమ్మిడాయి, మార్పు మొదలగు నాటుచేపలు దీనికి ముఖ్యముగా బలియైనవి. బొచ్చె, శీలావతులకును సోకినది. బంగారుతీగ, జిలేబి చేపలు చాలవఱకు తట్టుకొన్నవి. ఆ దినములలో జనులు భయపడి చేపలనే కొనుట మానినందున, తెగులు లేని చెరువుల జాలరులును పస్తులుండవలసి వచ్చెను. ఈ తెగులు మనుష్యులకు సోకదు. అయినను పుండ్లుపడిన చేపను అమ్ముటయు, తినుటయు తగదు.

ఇంతకాలము దీని కారణమును విద్వాంసులే తేల్చలేకపోయిరి. ప్రతి పుండునందును బాక్టీరియా లుండుటచే అవియే కారణమనిరి. కొందఱు వైరసు లనిరి. చివరకు ఆఫనోమైసిస్ ఇన్వడాన్స్ అను బూజువంటి నీటిజీవి మూలమని తేలెను. 1995లో దానికి శాస్త్రరీతిని నామకరణము జరిగెను. దాని విత్తులు నీటిలో ఈదుచు వచ్చి చర్మమునందలి చిన్న గాయమున దూరి, పోగులుగా కండలోనికి ప్రాకును. బాక్టీరియాలు తెఱచియున్న తలుపున తరువాత ప్రవేశించినవే. ఇరువదేండ్లకు పైగా పండితులే తరువాత వచ్చిన దొంగను మొదటి దొంగయని తలచిరి. మనము ఒక పుండును చూచి ఒక మందు సీసాను కొనుట యెంత తొందరపాటో ఆలోచింపుడు.

వానలు వెనుకబట్టి నీరు 18 మొదలు 22 డిగ్రీల వఱకు చల్లబడు దినములలో ఈ తెగులు విజృంభించును. ఆ చలిలో చేప దేహము శత్రువును ఎదిరింపజాలదు. మొదట చర్మముపై యెఱ్ఱని చుక్కలు. తరువాత పొలుసులూడి పుండు. తుదకు ఎముక కనబడు గొయ్యి. కంటిచూపుతో మాత్రమే నిశ్చయించుట తగదు. పుండు ప్రక్కనున్న కండను సూక్ష్మదర్శినిలో చూచినచో అడ్డుగోడలు లేని వెడల్పైన పోగులు కనబడును. కావున జబ్బుపడినదియు ఇంకను బ్రదికియున్నదియు నగు చేపనో, లేక అప్పుడే చచ్చి మంచులో నుంచిన చేపనో పరీక్షకు పంపవలయును. కుళ్లిన చేప ఏమియు చెప్పదు. మత్స్యశాఖవారి ద్వారా పంపవచ్చును. నెల్లూరు జిల్లా ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాల కలదు.

తొట్టికి చేసిన వైద్యము

పరీక్షలో మా అనుమానము నిజమని తేలెను. ఆలోపల మేము నీటిని ఉదయము, మధ్యాహ్నము రెండువేళల పరీక్షా కాగితముతో చూచితిమి. పీహెచ్ 8కి పైనే యున్నది. కావున సున్నము జోలికి పోలేదు. లోతుగా పుండ్లు పడిన చేపలను తీసి సున్నము వేసి గోతిలో పాతించితిమి. వానిని కాలువలో పారవేయ నెంచిన కూలివానిని వారించితిమి. గుంపును పలుచన చేసి, అడుగు మురికిని తీయించి, మేతను సగమునకు తగ్గించితిమి.

ఉప్పు లీటరుకు రెండు గ్రాములకు మించిన నీటిలో ఈ బూజు వ్యాపింపజాలదు. పదివేల లీటర్ల తొట్టికి ఇరువది కిలోల పై చిల్లర కల్లుప్పు పట్టినది. రెండు దినములలో కొంచెము కొంచెముగా కలిపితిమి. ఇది తొట్టికే తగును. చేనికి పాఱు చెరువునందు, కుంటయందు ఉప్పు వేయరాదు. ఆ నీటిని పైరుకు పెట్టిన నేల చవుడగును. పోరుమామిళ్ల చెరువు కట్టమీది 1369 నాటి శాసనమున మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను చెప్పిరి. ఆ దోషములలో చవిటినేల యొకటి. మన పెద్దలు దోషమని వ్రాసిపెట్టినదానిని మనము చేతులార చేయుట తగునా? తొట్టి నుండి తీసిన ఉప్పునీటిని గూడ చేనికి పాఱనీయక రాళ్ల గుంటలో పోయించితిమి.

పెద్ద చెరువులలో ఈ తెగులునకు భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు సీఫాక్స్ అను మందును కనుగొనిరి. హెక్టారు విస్తీర్ణమున మీటరు లోతు నీటికి ఒక లీటరు చొప్పున వేయవలయును. అనగా ఎకరా నీటికి ఆ లోతున సుమారు 400 మిల్లీలీటర్లు. చెరువు విస్తీర్ణముతో పాటు లోతును గూడ కొలువక మందు వేయువాడు కండ్లు మూసికొని వేసినట్లే. మత్స్యశాఖవారి సలహాతోనే వేయుట మేలు. మాలకైట్ గ్రీన్, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాను అను మందులు తినెడి చేపలకు నిషిద్ధములు. అంగడివాడు చాటుగా నిచ్చినను తీసికొనవలదు.

రైతు తొట్టిలో మూడవ వంతు చేపలు పోయినవి. తక్కినవి సంక్రాంతి దాటి నీరు వెచ్చబడుసరికి తేఱుకొన్నవి. పుండు మానిన చోట నల్లని మచ్చలు మిగిలినవి. అప్పు వాయిదాకు పాలకవర్గము గడువిచ్చినది. ఆ రైతు గోడకు ఒక పుస్తకము వ్రేలాడగట్టి, బాలిక వలెనే, దినదినము వ్రాయుచున్నాడు. తనకు వ్రాత రానందున కుమారునిచే వ్రాయించుచున్నాడు. ఇది మా కెక్కువ సంతోషము గలిగించినది.

సభ్యులు పాటింపవలసినవి

ఒకటి. చేపలను పెంచు ప్రతివారును ఒక పుస్తక ముంచవలయును. క్రొత్త చేపలు తెచ్చిన దినము, నీరు పెట్టిన దినము, మేత యెంత వేసినది, ఎన్ని చచ్చినవి, తెల్లవారుజామున నీటి వెచ్చదనము, ఇవి చాలును.

రెండు. వెలుపలి నుండి తెచ్చిన చేపను రెండు వారములైనను వేఱు తొట్టిలో నుంచి చూడవలయును. వలలను, బుట్టలను ఒక చెరువునుండి మఱియొక చెరువునకు తీసికొనిపోవునపుడు ఎండలో బాగుగా ఆఱబెట్టవలయును.

మూడు. జబ్బు కనబడగనే మేతను తగ్గించి, నీటిని పరీక్షింపవలయును. పరీక్షింపక సున్నముగాని వేఱొక మందుగాని వేయరాదు. ఒకేసారి రెండు మందులు వేసినచో ఏది మేలుచేసినదో, ఏది కీడుచేసినదో తెలియదు.

నాలుగు. జబ్బును దాచరాదు. ఇది అన్నిటికన్న ముఖ్యము.

ఈ నాలుగవదానిని గూర్చి ఒక్కమాట. కర్నూలు-కడప కాలువ సుంకేసుల యొద్ద తుంగభద్రను వీడి కడప వఱకు పాఱుచున్నది. పై యూరి రైతు తొట్టినీరు కాలువలో కలిసినచో క్రింది యూరి చెరువునకు చేరును. అప్పు ఇచ్చువారు ఏమందురో యని ఒక్కడు జబ్బును దాచినచో పదిమంది చేపలు చచ్చును. ఆ పదిమంది అప్పులును మొండిబాకీలగును. సంఘమున అప్పునకు ఒకరికొకరు పూచీపడుదుము గదా. నీటి విషయమునను అట్లే పూచీపడవలయును.

మద్రాసు రాజధానిలో సహకారోద్యమమునకు దారిచూపిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ దొరగారు వ్యవసాయ బ్యాంకులను గూర్చి 1895లోను, 1897లోను నివేదిక వెలువరించిరి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ నికల్సన్ గారే 1905 నుండి మత్స్యపరిశ్రమ పని చేపట్టి మద్రాసు మత్స్యశాఖకు పునాది వేసిరి. రైతు అప్పును, జాలరి చేపను ఒక్క మనుష్యుడే పట్టించుకొనుట మనకు ఆశ్చర్యము గొలుపరాదు. రెండింటి యందును నష్టము ఒక యింటితో ఆగదు.

ఈ శీతకాలమున ఎవరి తొట్టిలోనైనను, ఎవరి బిడ్డ గాజుసీసాలోనైనను చేప అడుగున పడియున్నచో, చేపతో పాటు ఒక సీసాడు నీటిని గూడ తెండు. పుస్తకమున్నచో దానిని గూడ తెండు. కార్యాలయమున పరీక్షా కాగితములు, ధర్మామీటరు సిద్ధముగా నున్నవి. వానికి రుసుము లేదు.